ముద్రల ఊళ్లో పడని వేలిముద్ర

కూచిపూడి అనగానే లోకం చేతుల వంక చూస్తుంది. ఆ చేతులతోనే పువ్వు పూయిస్తారు, బాణం వేస్తారు, ఉత్తరం రాస్తారు, అలుగుతారు, బతిమాలతారు. అభినయ దర్పణం లెక్కన ఒంటిచేతి హస్తాలే 28. ఈ ఊళ్లో పిల్లలు పలక పట్టే వయసుకే పతాకం పడతారు. అలాంటి ఊరి నుంచి ఈమధ్య మా పెద్దమ్మను వెంటబెట్టుకుని ఒక బ్యాంకుకు వెళ్లాం.

పెద్దమ్మ నాట్యం నేర్చుకోలేదు. నాట్లు వేసింది. యాభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసి, మినప చేలల్లో వంగి వంగి అరిగిన చేతులు అవి. యంత్రం మీద బొటనవేలు పెట్టింది. ఎర్రదీపం వెలిగింది.

'పడట్లేదండి. చెయ్యి కడుక్కుని రండి మామ్మగారూ' అంది కౌంటర్లో అమ్మాయి.

కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. మళ్లీ పెట్టింది. పడలేదు. ఈ చెయ్యి, ఆ చెయ్యి, పది వేళ్లూ అయ్యాయి. వెనక లైన్లో ఉన్నాయన కొబ్బరినూనె రాయమన్నాడు. ఇంకొకాయన నిమ్మకాయ రుద్దితే పడుతుందన్నాడు. మూడో ఆయన, నిమ్మకాయ పాత పద్ధతని, శానిటైజర్ అయితే ఖాయమని చెప్పాడు. వేలిముద్రల కోసం దేశంలో ఒక కొత్త చిట్కా వైద్యమే పుట్టుకొచ్చిందన్న సంగతి మాకు ఆ రోజే తెలిసింది. ఏ మందూ పనిచేయలేదు.

'ఆధార్ సెంటర్‌కెళ్లి వేలిముద్రలు అప్‌డేట్ చేయించుకు రండి.'

వెళ్లాం. టోకెన్లు అయిపోయాయి, రేపు పొద్దున్నే రమ్మన్నారు. మర్నాడు వెళ్లాం. సర్వర్ లేదు. ఇంకోరోజు వెళ్లాం. సర్వర్ ఉంది, కరెంటు లేదు. కరెంటు వచ్చేదాకా కూర్చుంటే అప్పుడు తేలిందేమంటే, పెద్దమ్మ ఇంటిపేరులో ఒక ఇంగ్లిషు అక్షరం బ్యాంకు పుస్తకంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. దానికి వేరే ఫారం. ఆ ఫారం మీద వేరే సంతకం. ఆ సంతకం పెట్టే ఆయన మీటింగ్‌లో ఉన్నారు.

ఇంతకీ పెద్దమ్మ ఏమడిగింది? అప్పు అడగలేదు. సబ్సిడీ అడగలేదు. కంటి ఆపరేషన్‌కని దాచుకున్న తన డబ్బు తనకిమ్మంది. ఖాతాకు కేవైసీ గడువు దాటిందట. అందుకని నిలిపేశారు. తన డబ్బు కోసం తాను తానేనని రుజువు చేసుకోవాల్సిన పని డెబ్బై దాటిన మనిషి మీద పడింది.

నాలుగు తిరుగుళ్లయ్యాయి. నేరుగా వెళ్లే బస్సు దొరకనప్పుడల్లా పామర్రులో దిగి మారాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు గనక పెద్దమ్మకు ఆ ఖర్చు తప్పింది. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ ఒక్క చూపు చూసి కూర్చోమన్నాడు. కండక్టర్ గుర్తుపట్టిన మనిషిని బ్యాంకు యంత్రం గుర్తుపట్టలేదు. మాకు టికెట్టు, ఇద్దరికీ ఆటో, మధ్యాహ్నం టిఫిను, మేం మానుకున్న పని, పెద్దమ్మ పోగొట్టుకున్న నాలుగు రోజులు... లెక్క వేస్తే ఆమె అడిగిన డబ్బులో చిన్న ముక్క కాదది.

ఇది చిన్న విషయమేగా!

ఇందులో ఎవరూ చచ్చిపోలేదు. ఇల్లు కూలలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు పొరుగున ఉండి, వేలిముద్ర పడలేదని వ్యాసం రాయడమేమిటని కొందరు నవ్వొచ్చు. నవ్వితే నవ్వనివ్వండి. ఉప్పెన వస్తే మంత్రులొస్తారు, హెలికాప్టర్లొస్తాయి, నష్టపరిహారం లెక్కలు కడతారు. రోజూ పడే విసుగుకు పంచనామా లేదు. ఎక్స్‌గ్రేషియా లేదు. అందుకే అది ఎక్కడా నమోదు కాకుండా మనిషిని రోజుకింత చొప్పున తినేస్తుంది.

మన రోజు ఎలా నడుస్తోందో ఒక్కసారి చూసుకుందాం. పొద్దున్నే ఫోన్ మోగుతుంది. మీకు లోన్ మంజూరైందంటుంది ఒక ఆడగొంతు. మనం అడగలేదు. వద్దంటే రేపు ఇంకో నెంబరు నుంచి మంజూరు చేస్తుంది. ఇలాంటి కాల్స్ వద్దనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చని 2007లోనే రిజిస్ట్రీ పెట్టారు. 1909కి ఫిర్యాదు చేయొచ్చు. నమోదు చేసుకున్నాం. కాల్స్ ఆగలేదు. ఎంత విసుగెత్తిందంటే తెలియని నెంబరు అంటే ఎత్తడం మానేశాం. ఒకరోజు అలా ఎత్తనిది ఆస్పత్రి నుంచి చుట్టాలు చేసిన ఫోన్.

మనకు పనిబడి మనమే ఏ కంపెనీకైనా చేస్తే సీను తిరగబడుతుంది. తెలుగు కోసం ఒకటి నొక్కండి. బిల్లు కోసం రెండు నొక్కండి. మీ కాల్ మాకు ఎంతో విలువైనది, దయచేసి వేచి ఉండండి. అంత విలువైనదైతే ఎత్తొచ్చుగా! అన్ని అంకెలూ నొక్కి, పాట మొత్తం విని, చివరికి మనిషి గొంతు వినపడే సమయానికి లైను కట్టవుతుంది. మళ్లీ తెలుగు కోసం ఒకటి నొక్కండి.

కిరాణా కొట్లో డబ్బు పంపితే మన ఖాతాలో కోత పడుతుంది, కొట్టాయనకు చేరదు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూస్తుంటారు. ఓటీపీ కావాల్సినప్పుడు సిగ్నల్ ఉండదు. సిగ్నల్ కోసం మేడెక్కితే ఓటీపీ గడువు అయిపోతుంది. సాయంత్రం దోమలు. డెల్టాలో దోమకు మాత్రం ఏ వేళ్లయినా ఒకటే, కేవైసీ అక్కర్లేదు.

చదువుకునేవాళ్ల సంగతి చూద్దాం. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే ఫొటో ఇన్ని కేబీలే ఉండాలి, సంతకం అన్ని కేబీలే ఉండాలి. చివరి రోజు వెబ్‌సైట్ తెరుచుకోదు. ఇవన్నీ దాటుకుని కూర్చుంటే నోటిఫికేషనే ఉండదు. 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు ఇంకొకటి వచ్చింది. మధ్యలో ఏడేళ్లు. బీఈడీ పాసైన కుర్రాడు కోచింగ్ సెంటర్ గదిలో ముప్పయ్యో పడిలో పడ్డాడు. దాన్ని ఎవరి ఖాతాలో రాస్తాం?

ఉద్యోగం వచ్చినవాళ్లు సుఖపడ్డారా అంటే అదీ లేదు. 2022 ఆగస్టులో మన పంతుళ్లకు ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చింది. బడికి టైముకే వచ్చిన మేష్టారు సిగ్నల్ కోసం ఫోన్ ఎత్తిపట్టుకుని ఆవరణంతా తిరిగితే, యాప్ లెక్కలో ఆలస్యంగా వచ్చినట్టు. అంతకుముందు మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే పని కూడా వాళ్ల నెత్తినే పెట్టారు. పాఠం చెప్పడానికి యాప్ అడగలేదు గనక, మిగిలిన టైములో పాఠం చెప్పుకున్నారు.

సర్వర్‌ను ఘెరావ్ చేయగలమా?

పాతరోజులే బాగున్నాయని మేం అనడం లేదు. ఆ మాట అబద్ధం. దివి తాలూకా రోజుల్లో ఒక్క కాగితం కోసం మా తాతలు పడ్డ పాట్లు విన్నాం. కరణంగారి అరుగు కింద నిలబడి, చెప్పులు చేత పట్టుకుని, ఆయన నిద్రలేచేదాకా కాచుకున్న కథలు విన్నాం. 1985లో మండలాలొచ్చి ఆఫీసు దగ్గరైంది. 2001లో ఈ-సేవ వచ్చి, తర్వాత పట్టణాల్లో కరెంటు బిల్లు క్యూ తగ్గింది. 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలొచ్చాయి. 2025 జనవరి 30న వాట్సాప్‌లో 161 సేవలన్నారు. పార్టీలు మారినా, ముఖ్యమంత్రులు మారినా ప్రతి ఒక్కరూ ఒకే మాటిచ్చారు. ఇక మీరు తిరగక్కర్లేదన్నారు. ప్రతి ఒక్కటీ ఎంతో కొంత తిరుగుడు తగ్గించింది కూడా. కాదంటే కళ్లు పోతాయి.

మరి విసుగెందుకు తగ్గలేదు? మాకు తోచింది చెబుతాం.

వెనకటికి గుమాస్తా చేసే పనిని ఇప్పుడు మన చేత చేయిస్తున్నారు. ఫైలు వెతికేది గుమాస్తా, ఫారం నింపేది గుమాస్తా, తప్పుంటే సరిచేసేది గుమాస్తా. జీతం ఆయనకు ఉండేది. ఇప్పుడు ఫారం మనమే నింపాలి, కాగితాలు మనమే స్కాన్ చేయాలి, ఫొటో మనమే కుదించాలి, తప్పుపోతే మనమే మొదట్నుంచి మొదలెట్టాలి. జీతం లేదు, పైగా సేవా రుసుము మనమే కడతాం. చదువొచ్చినవాడికి ఇది విసుగు. చదువురాని మా పెద్దమ్మలాంటి వాళ్లకు ఇది గోడ. ఆ గోడ దగ్గరే మళ్లీ దళారీ పుట్టాడు. పూర్వం వాడు తాలూకాఫీసు చెట్టు కింద ఉండేవాడు, ఇప్పుడు జిరాక్సు షాపులో ఉన్నాడు.

ఇంకొకటి. వెనకటి ఆఫీసులో కాదన్నవాడికి ఒక ముఖం ఉండేది. వాడి పేరు తెలుసు, ఊరు తెలుసు, ఎవరితో చెప్పిస్తే వింటాడో తెలుసు. అన్యాయమనిపిస్తే పదిమందీ వెళ్లి నిలదీసేవాళ్లు. ఇప్పుడు కాదంటున్నది ఎవరు? 'సిస్టమ్ తీసుకోవట్లేదండి.' 'పోర్టల్‌లో ఆప్షన్ లేదండి.' 'సర్వర్ డౌన్ అండి.' మనం ధర్నాలు చేసినవాళ్లం. రాస్తారోకోలు చేసినవాళ్లం. దీక్షా శిబిరాల్లో కూర్చున్నవాళ్లం. తహసీల్దారును ఘెరావ్ చేయడం మనకొచ్చు. సర్వర్‌ను ఘెరావ్ చేయడం ఎలాగో ఏ ఉద్యమమూ మనకు నేర్పలేదు.

సర్వర్ దానంతటది ఎవర్నీ కాదనదు. వేలిముద్ర పడకపోతే ఇంకేం చేయాలో రాసిపెట్టని అధికారి ఒకరు ఎక్కడో ఉన్నారు. పల్లెటూరి ముసలివాళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటాయన్న ఆలోచనే రాని నిపుణుడు ఒకరున్నారు. 'డౌన్' అన్న మాట వెనక మనుషులున్నారు. యంత్రాన్ని అడ్డుపెట్టుకుని వాళ్లు కనపడకుండా పోయారు, అంతే.

క్యూ అందరికీ ఒకటి కాదు

విసుగు అందరికీ ఉంటుంది, ధనవంతుడికి మాత్రం ఉండదా అంటారు. ఉంటుంది. కానీ కాచుకోవడం అందరికీ ఉండదు. 2017 మే 1 నుంచి కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేశారు. బుగ్గ పోయింది, దారి ఇవ్వడం పోలేదు. ఏ ఆఫీసుకైనా వెళ్లి చూడండి, లైన్లో నిలబడే మనిషి వేరు, పక్క తలుపులోంచి లోపలికెళ్లి టీ తాగి వచ్చే మనిషి వేరు. వాడి వేలిముద్ర పడకపోతే యంత్రమే వాడింటికి వెళుతుంది.

దేవుడి దగ్గరా అంతే. తిరుమలలో శ్రీవాణి ట్రస్టుకు 10 వేలు విరాళమిస్తే బ్రేక్ దర్శనం టికెట్ ఇచ్చే పద్ధతి 2019లో వచ్చింది. సర్వదర్శనం వాళ్లు గంటల తరబడి కంపార్ట్‌మెంట్లలో కూర్చుంటారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డ జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. దర్శనం కోసం కూడా కాదు, దర్శనం టోకెన్ కోసం. క్యూ చిన్న విషయమని ఎవరైనా అంటే ఈ తేదీని గుర్తుచేయండి.

2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దు చేసినప్పుడు దేశమంతా బ్యాంకుల ముందు నిలబడింది. ఎండలో నిలబడ్డవాళ్లెవరో, నిలబడకుండానే మార్చుకున్నవాళ్లెవరో అందరికీ తెలుసు. 2024 ఎన్నికలప్పుడు పింఛన్ల పంపిణీ నుంచి వాలంటీర్లను ఎన్నికల సంఘం తప్పించింది. ఏప్రిల్లో ముసలివాళ్లు సచివాలయాల చుట్టూ తిరిగారు. మే నెలలో డబ్బు బ్యాంకు ఖాతాల్లో వేస్తే మండుటెండలో బ్యాంకుల దగ్గర కూర్చున్నారు. ఒక పార్టీ మీ వల్లే అంది, ఇంకో పార్టీ మీ వల్లే అంది. ఎవరి వల్లయినా, ఎండలో కూర్చున్నది మాత్రం ముసలివాళ్లే. రేషన్ బియ్యం కథా అంతే. 2021లో 9,260 బండ్లు పెట్టి ఇంటి ముందుకే బియ్యమన్నారు. 2025 జూన్ 1 నుంచి మళ్లీ దుకాణానికే రమ్మన్నారు. ఏది మంచిదో పండితులు తేలుస్తారు. అటు మార్చినప్పుడూ ఇటు మార్చినప్పుడూ సంచి పట్టుకుని బయల్దేరేముందు మీకెలా వీలని ఆ ఇల్లాలిని అడిగినవాళ్లెవరు?

మా కృష్ణా జిల్లా వాళ్లకు కాచుకోవడం కొత్త కాదు. బందరు పోర్టుకు 2008లో ఒక శంకుస్థాపన, 2019లో ఒకటి, 2023లో ఒకటి. మూడు రాళ్లు వేసేలోపు ఒక తరం పిల్లలు పెరిగి పెద్దయి హైదరాబాద్, బెంగళూరు బస్సులెక్కారు. పోర్టు కోసం కాచుకోవడాన్ని వెనకబాటుతనం అంటాం. దానికోసం సభలు పెడతాం. వేలిముద్ర కోసం కాచుకోవడాన్ని మన ఖర్మ అంటాం. రెండింటిలోనూ ఉన్నది ఒకటే. సామాన్యుడి కాలానికి విలువ కట్టకపోవడం. మన జేబులోంచి రూపాయి తీస్తే దోపిడీ అని అరుస్తాం. మన బతుకులోంచి ఒక పూట తీసుకుంటే మాత్రం సర్దుకుపోతాం. పొలంలో దిగే మనిషికి పూట అంటే కూలి. దుకాణం పెట్టుకున్న మనిషికి పూట అంటే బేరం. డెబ్బై దాటిన మనిషికి పూట అంటే మిగిలి ఉన్న కొద్ది పూటల్లో ఒకటి.

అత్త మీద కోపం దుత్త మీద

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మూడోసారి తిరిగినప్పుడు మేం బ్యాంకులో ఆ అమ్మాయి మీద అరిచాం. గట్టిగానే అరిచాం. 'మీకు జీతాలెందుకిస్తున్నారు' అన్నాం. హాలంతా మమ్మల్నే చూసింది. ఆ పిల్ల తలెత్తలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దమ్మ మా చొక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. 'దాని మీద అరుస్తారేంట్రా? అదేమన్నా ఆ మిషను కనిపెట్టిందా? పొద్దుట్నుంచీ అన్నం కూడా తిన్నట్టు లేదు పిచ్చిముండ' అంది.

సిగ్గేసింది. నిజమే. ఆ పిల్లా మనలాంటి ఇంటినుంచి వచ్చిందే. దానికీ పైనుంచి టార్గెట్లున్నాయి. దాని యంత్రం పనిచేయకపోతే ఫోన్ చేయడానికి దానికీ ఒక నెంబరుంది. అక్కడా తెలుగు కోసం ఒకటే నొక్కాలి. గ్రామ సచివాలయం ఉద్యోగీ అంతే. ఒక సర్వే పూర్తి కాకముందే ఇంకో సర్వే. జనం తిట్లు కింద నుంచి, మెమోలు పై నుంచి.

విసుగుకు ఉన్న చెడ్డ గుణం ఇదే. అది పైకి పోదు, కిందికి జారుతుంది. ఆఫీసులో పడ్డ విసుగు బస్సులో కండక్టర్ మీద, బస్సులో పడ్డది ఇంట్లో ఆడవాళ్ల మీద, ఇంట్లో ఆడవాళ్లది పిల్లల వీపు మీద. అత్త మీద కోపం దుత్త మీద. ఎవరి వల్ల విసుగొచ్చిందో ఆ పెద్దమనిషికి మాత్రం మన కోపం చిటికెడు కూడా చేరదు. కౌంటర్‌కు అటువైపున్న ఉద్యోగీ, ఇటువైపున్న జనమూ ఒకరినొకరు తిట్టుకుంటున్నంతకాలం పైనున్నవాళ్లకు హాయి.

కేళిక చెప్పిన పాఠం

మేం ఈ మాట కూచిపూడి పక్కన కూర్చుని చెప్పడానికి కారణముంది. మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తుల్లో మాచుపల్లి కైఫియత్ అని ఒకటుంది. కూచిపూడి భాగవతులు ఊరూరా ఆడుతూ సిద్ధవటం సీమకు వెళ్లారు. అక్కడ సమ్మెట గురవరాజు అనే పాలకుడు డబ్బు రాబట్టడానికి ఆడవాళ్లను సైతం హింసలు పెట్టడం కళ్లారా చూశారు. వాళ్ల దగ్గర కత్తుల్లేవు. గజ్జెలున్నాయి. నేరుగా విజయనగరం వెళ్లి వీరనరసింహరాయల ముందు కేళిక కట్టారు. ఒకడు గురవరాజు వేషం వేశాడు, ఒకడు ఆడవేషం వేశాడు, చూసింది చూసినట్టు ఆడారు. రాయలకు సంగతి అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి శిక్షించాడు. 16వ శతాబ్దం మొదటి రోజుల నాటి ముచ్చట అది.

భాగవతులకు ఆ హింసతో సంబంధం లేదు. మనకెందుకులే అని మర్నాటి ఆటకు వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. అక్కడి కింది బంట్లను తిట్టి ఊరుకోనూ లేదు. చూసింది పదిమందిలో, వినాల్సినవాడి ముందు పెట్టారు.

దళారీని కూడా ఈ ఊరి ఆటే ఎప్పుడో పట్టించింది. భామాకలాపంలో సత్యభామ కృష్ణుడి కోసం విరహంతో వేగిపోతూ మాధవి చేత కబురు పంపుతుంది. మాధవి ఊరికే వెళుతుందా? ముక్కర ఇమ్మంటుంది. మహారాణి అయినా మధ్యలో మనిషికి ముట్టచెప్పందే కబురు కదలదని ఆ ఆట శతాబ్దాలుగా నవ్విస్తూ చెబుతోంది. మనం నవ్వుకుని ఇంటికొచ్చి, జిరాక్సు షాపాయనకు ముక్కర సమర్పించుకుంటున్నాం.

చిన్న విసుగు పెద్ద ఉద్యమం అయిన సంగతులు మన కాలంలోనూ ఉన్నాయి. మొగుడు తాగొచ్చి తన్నడం ఇంటి గొడవ అనుకునేవాళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరదీప్తి బడిలో కూర్చుని, అది ఇంటి గొడవ కాదు, సారా గొడవ అని తేల్చారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. రాజస్థాన్‌లో కరువు పనుల కూలీలు మస్టర్ రోల్‌లో ఏం రాశారో చూపించమని అడిగారు. ఎంత చిన్న కోరిక! మా డబ్బు, మా లెక్క అన్నారు. ఊళ్లలో బహిరంగ విచారణలు పెట్టారు, 1996లో బియావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఈరోజు పది రూపాయలు కట్టి ఏ ఆఫీసు కాగితమైనా అడుగుతున్నామంటే ఆ కూలీల చలవ.

మరేం చేద్దాం?

యంత్రాలు పగలగొట్టమని మేం చెప్పడం లేదు. అడగాల్సినవి నాలుగున్నాయి.

ఒకటి, కాదన్నప్పుడు కాగితం ఇవ్వాలి. ఎవరు, ఏ తేదీన, ఏ కారణంతో వెనక్కి పంపారో రాసివ్వాలి. నోటిమాటగా 'రేపు రండి' అనే హక్కు ఏ కౌంటర్‌కూ ఉండకూడదు. వెనక్కి పంపినవాళ్ల లెక్క రాస్తేగా, ఎంతమందిని పంపుతున్నారో పైవాళ్లకు తెలిసేది. ఇప్పుడు కంప్యూటర్లో పనైపోయినవాళ్లే కనిపిస్తున్నారు. తిరిగి తిరిగి మానేసినవాళ్లు అసలు పుట్టనట్టే.

రెండు, వేలిముద్ర పడకపోతే వేరే దారి ఏమిటో గోడ మీద తెలుగులో రాసిపెట్టాలి. దారులు లేక కాదు. కంటిపాప ఉంది, ముఖం ఉంది, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఉంది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ మీద తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, ధ్రువీకరణ కుదరలేదన్న కారణంతో అర్హుల్ని పథకాలకు దూరం చేయకూడదంది. కేవైసీలో వివరాలేమీ మారకపోతే ఖాతాదారు స్వయంగా రాసిచ్చే కాగితం చాలని రిజర్వు బ్యాంకు 2023 జనవరిలో చెప్పింది. నియమం ఢిల్లీలో, ముంబైలో ఉంది. పామర్రు బస్సు ఎక్కలేదు, మన ఊరు రాలేదు.

మూడు, ఆలస్యానికి ధర కట్టాలి. సమయానికి పనిచేసి తీరాలని 2010లో మధ్యప్రదేశ్ చట్టం చేసింది. 2012లో కర్ణాటక 'సకాల' తెచ్చి, ఆలస్యమైన ప్రతి రోజుకూ 20 రూపాయల చొప్పున దరఖాస్తుదారుకు ఇవ్వాలంది. 20 రూపాయలతో ఎవరి ఇల్లూ నిండదు. కానీ జనం కాలానికి ధర ఉందని సర్కారు చేత ఒప్పించడం చిన్న గెలుపు కాదు.

నాలుగు, ఎంత పెద్ద యాప్ పెట్టినా, చివర ఒక మనిషి ఉండాలి. నొక్కాల్సిన అంకెల్లో ఒకటి మనిషికి చేరాలి. ఆ మనిషికి తప్పు సరిచేసే అధికారం కూడా ఉండాలి. కౌంటర్లో అమ్మాయికి తిట్లు తినే బాధ్యత ఇచ్చి, పని చేసే అధికారం ఇవ్వకపోవడం ఆమెకూ మనకూ ఇద్దరికీ అన్యాయం. ఈ కోరిక జనంతో పాటు ఉద్యోగ సంఘాలూ తమ జాబితాలో రాసుకోవాల్సింది.

ఇక పెద్దమ్మ సంగతి. నాలుగోసారి వెళ్లినప్పుడు మేం అరవలేదు. ముందుగా ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నాం. పర్లేదు సార్ అంది. తర్వాత లోపలి గదిలో ఉన్న అధికారి దగ్గరికెళ్లి ఒకే మాట అడిగాం. 'పని కాదంటే కాదనండి. కానీ ఎందుకు కాదో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. తీసుకెళ్లిపోతాం.' రిజర్వు బ్యాంకు చెప్పిన మాట కూడా గుర్తుచేశాం.

ఆయన మా వంక చూశారు. పెద్దమ్మ వంక చూశారు. ఎవరికో ఫోన్ చేశారు. పది నిమిషాల్లో ఒక తెల్లకాగితం వచ్చింది. నా వివరాల్లో మార్పేమీ లేదని రాయమన్నారు. రాశాం. ఇంటిపేరులో అక్షరం సంగతి ఎవరూ ఎత్తలేదు. సంతకం రాదనేసరికి అదే అమ్మాయి బీరువాలోంచి పాత ఇంకు ప్యాడ్ వెతికి తెచ్చింది. పెద్దమ్మ బొటనవేలు ప్యాడ్ మీద అద్ది కాగితం మీద నొక్కింది.

నిశాని పడింది. గీతలు సగం చెరిగిపోయి ఉన్నా పడింది. నాలుగు తిరుగుళ్లు తిప్పిన పని పది నిమిషాల్లో అయ్యింది.

బయటికొచ్చాక పెద్దమ్మ కొంగుతో వేలు తుడుచుకుంటూ, 'ఇదేదో మొదటిరోజే అడక్కపోయారా' అంది. మా దగ్గర జవాబు లేదు. మొదటిరోజు మాకూ అది చిన్న విషయమే అనిపించింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ వారం మీలో ఎవరో ఒకరిని ఎక్కడో ఒకచోట రేపు రమ్మంటారు. అరవకండి. తిరిగొచ్చేయకండి. రాసివ్వమనండి.